చేతికి తగ్గ వేగం

నెల్లూరులో పాత కంప్యూటర్లు బాగుచేసే పెంచలకృష్ణ కళ్ళజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటుంది. ఎవరు ఏ మిషన్ తెచ్చినా ముందు మెత్తటి బట్టతో దుమ్ము తుడుస్తాడు. ఆన్ చేసి, చెవి ఆనించి, హార్డ్‌డిస్క్ చప్పుడు వింటాడు. అందులో ఉన్నదంతా కాపీ తీసేదాకా మరో పని ముట్టుకోడు. మనుబోలు నుంచి ముంతాజ్ బేగం తెచ్చినది మాటిమాటికీ ఆగిపోతున్న పాతికేళ్ళ నాటి కంప్యూటర్. జాకెట్ల మీద కుట్టే పువ్వులన్నీ ఆమె అందులోనే గీసింది. ఆ డిజైన్లు కొత్త కంప్యూటర్లలో తెరుచుకోవు. పెంచలకృష్ణ నాలుగు రోజులు కూర్చుని, లినక్స్ వేసిన లాప్‌టాప్‌లో ఆ పాత మిషన్‌లాగే నడిచే ఎమ్యులేటర్ పెట్టాడు. దాన్ని ఒక్క నొక్కుతో నడపడానికి, రోజూ డిజైన్ల కాపీ దాచడానికి ఒక చిన్న ప్రోగ్రామ్ కూడా అమర్చాడు.

పాత నల్ల తెర కనబడగానే ఆమె ముఖం విప్పారింది. కానీ పువ్వు రేక గీయబోతే గీత ప్రతిసారీ హద్దు దాటి పరుగెత్తింది. మూడోసారికి ఆమె మౌస్ వదిలేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"నాకే చెయ్యి ఆడటంలా పెంచలయ్యా. ఇంక నా వల్ల కాదేమో."

"మీ చెయ్యి బాగానే ఉండాదక్కా. ఇదే మరీ తొందరపడతా ఉంది," అంటూ అతను ఎమ్యులేటర్ వేగం సగానికి తగ్గించాడు. ఆమె గీస్తుంటే చూసి, ఇంకొంచెం తగ్గించాడు. "మీ పాత మిషన్ ఇంతే నిదానం. ఇప్పుడు గీయండి."

ఆమె ఊపిరి బిగబట్టి గీసింది. ఈసారి గీత మొదలైన చోటికే వచ్చి కలిసింది. ముంతాజ్ బేగం ఎవరి వంకా చూడకుండా రెండో రేక మొదలుపెట్టింది.