పాలు పొంగిన ప్రాణాయామం

ఒక శుక్రవారం పొద్దున్నే నేను మా ఆఫీసు టీమ్ మొత్తాన్నీ ఎవరిళ్ళల్లో వాళ్ళను పరుగులు పెట్టించాను. ఎక్కడా నిప్పంటుకోలేదు, దొంగలు పడలేదు. వాళ్ళకు యోగా నేర్పించానంతే. ఆ ఘనకార్యం చెప్తాను, కూర్చోండి. పద్మాసనం అక్కర్లేదు, కుర్చీ చాలు.

కరోనా వచ్చిన తొలి వసంతం అది. డ్యూసెల్‌డార్ఫ్‌లో ట్రాములు ఒక్క డ్రైవర్‌ను ఎక్కించుకుని ఊరంతా తిరిగేవి. కిటికీ కింద చెర్రీ చెట్టు ఎవరూ చూడకపోయినా విరగబూసింది. నేను కొత్త ఉద్యోగంలో చేరి ఇంకా ప్రోబెట్సైట్‌లో, అంటే నన్ను ఉంచుకోవాలో సాగనంపాలో వాళ్ళు తేల్చుకునే గడువులో, ఉన్నాను. అలాంటివాళ్ళు దేనికైనా సరే అంటారు. నేనైతే వాళ్ళు అడగకముందే అనేదాన్ని.

వీడియో మీటింగులో మా టీమ్ లీడ్ మార్టిన్ నడుం పట్టుకుని మూలిగాడు. "అందరికీ నడుం నొప్పులే. నువ్వు ఇండియన్‌వి కదా, యోగా నీకు..."

"వచ్చు! నేర్పిస్తాను కూడా!" అన్నాను, అతని మాట పూర్తి కాకుండానే.

పాఠకులారా, మీకు నిజం చెప్పేస్తాను. అప్పటికి నా జీవితంలో నేను పద్మాసనం వేసింది ఒక్కసారి, గుంటూరులో, తొమ్మిదో తరగతిలో. ఆ ముడి విప్పడానికి మా డ్రిల్లు టీచరుతో పాటు ఇద్దరు స్నేహితురాళ్ళు కావాల్సి వచ్చింది.

అయినా నాకు ధైర్యం ఇంట్లోనే ఉంది. మా అత్తగారు. కరీంనగర్ నుంచి కొడుకును చూసి పోదామని వచ్చి, విమానాలు ఆగిపోవడంతో మా ఇంట్లో చిక్కుకుపోయారు. రోజూ ఎనిమిదింటికి నేనూ మా ఆయనా లాప్‌టాప్‌ల ముందు చేరగానే, ఆవిడ హాల్లో దుప్పటి పరుచుకుని యోగా చేసేవారు. ఆ ఒళ్ళు కొత్త రబ్బరు బ్యాండులా ఎటంటే అటు వంగేది.

"అత్తయ్యా, నాకు యోగా నేర్పిస్తారా?"

"గింత మంచి బుద్ధి ఎట్ల పుట్టిందే నీకు? నేర్పిస్త. ఎప్పటి సంది మొదలువెడుదాం?"

"మొదలుపెట్టడం కాదండీ, శుక్రవారానికి వచ్చెయ్యాలి. టీచర్‌గా."

ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూశారు. "యోగానా బిడ్డా, రెండు నిమిషాల సేమ్యానా?"

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. అత్తగారు లాప్‌టాప్ వెనక, కెమెరాకు చిక్కకుండా నిలబడి ఆసనాలు వేస్తూ, మైకుకు అందనంత మెల్లగా చెప్తారు. నేను ఆవిణ్ణి చూసి వంగుతూ, ఆవిడ తెలుగును ఇంగ్లీషులోకి మార్చి వదులుతాను. సినిమాల్లో పాట ఒకరిది, పెదవులు ఒకరివి కదా, అలాగన్నమాట.

శుక్రవారం వచ్చింది. మొదటి అరగంట మహాద్భుతంగా సాగింది. నా మోకాళ్ళు అప్పడాల్లా పటపటమన్నా మైకు దాకా చేరలేదు. ఆఖరున అందరినీ వెల్లకిలా పడుకోబెట్టాం. నేనూ కళ్ళు మూసుకున్నాను. అత్తగారి గొంతు చల్లగా వినిపిస్తోంది.

"శ్వాస మీద మనసు వెట్టు."

"శ్వాస మీద మనసు పెట్టండి," అన్నాను ఇంగ్లీషులో.

"ఏం ఆలోచన చెయ్యకు."

"ఏమీ ఆలోచించకండి."

"అయ్యో, పాలు పొంగుతున్నయ్."

"పాలు పొంగుతున్నాయి," అన్నాను పరమశాంతంగా. ఏమీ ఆలోచించొద్దన్నారు కదా, నేను ఆలోచించడం లేదు.

"లే! లేచి ఉరుకు!"

"లేవండి! లేచి పరిగెత్తండి!"

ప్యాకెట్ పాలు కాచక్కర్లేదని నేను ఎన్నిసార్లు చెప్పినా అత్తగారు వినేవారు కాదు. ఆ రోజు కూడా టీ కోసం గిన్నె పెట్టి మరిచిపోయారు. మాడు వాసన ముక్కుకు తగిలాక కళ్ళు తెరిచాను. తెర మీద చాపలన్నీ ఖాళీ. ఒక గడిలో మార్టిన్ సోఫా చుట్టూ పరిగెడుతుంటే, అతని కూతురు జర్మన్‌లో కేరింతలు కొడుతూ వెంటపడుతోంది. ఇంకో గడిలో టెస్టింగ్ చేసే బిర్గిట్, అరవై దగ్గరపడిన మనిషి, బాల్కనీకీ తలుపుకీ మధ్య షటిల్ సర్వీసు నడుపుతోంది.

అందరూ రొప్పుతూ తిరిగొచ్చారు. "అద్భుతం! దీన్నేమంటారు?" అన్నాడు మార్టిన్.

అప్పుడు నిజం చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడే ముగిసేది. నేను గొంతు సవరించుకుని, "క్షీర ప్రాణాయామం. చాలా ప్రాచీనమైనది," అన్నాను.

"ఇది రోజూ చేద్దాం! ఎనిమిదింటికి!"

అలా రోజువారీ క్లాసు మొదలైంది. నా పేరు మార్మోగింది. మార్టిన్ నడుం నిటారుగా నిలబడింది. అత్తగారు మాత్రం రోజురోజుకీ మాటలు తగ్గించారు. నేను గమనించలేదు. గురువులకు అలాంటివి కనిపించవు.

ఒక సోమవారం మార్టిన్ గుసగుసగా చెప్పాడు. "రేపు ఉర్సులా కూడా వస్తోంది." ఉర్సులా అంటే డిపార్ట్‌మెంట్ పెద్ద. నేను ఉండాలో పోవాలో సంతకం పెట్టేది ఆవిడే.

మర్నాడు ఎనిమిదింటికి తెర నిండా ముఖాలు. మధ్యలో ఉర్సులా. లాప్‌టాప్ వెనక మాత్రం ఎవరూ లేరు. అత్తగారు హాల్లో మామూలు చోటే దుప్పటి పరుచుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నారు.

"అత్తయ్యా! అందరూ వచ్చేశారు. టైమైంది!"

"నాకు సుత ఇదే టైము," అన్నారు కళ్ళు తెరవకుండానే.

"ఈ ఒక్కరోజుకి, ప్లీజ్..."

ఇప్పుడు కళ్ళు తెరిచారు. "లగ్గమైన కాడి నుంచి నన్ను పిలువని గడియ లేదు బిడ్డా. మా అత్త పిలిచె, మీ మామ పిలిచె, పిల్లలు పిలిచిరి. యాభై ఏండ్లు దాటినంక పక్కింటామె వెంట పార్కుకు పోయి ఇది నేర్సుకున్న. ఎందుకనుకున్నవ్? మోకాళ్ళకు అనుకున్నవా? కండ్లు మూసుకుంటే ఎవ్వలు పిలువరని. ఈ అరగంట ఒక్కటి నాది. గా అరగంట సుత పట్కపోయి నీ ఆఫీసుకిచ్చినవ్."

లాప్‌టాప్‌లోంచి ఉర్సులా గొంతు వినిపించింది. "అక్కడ ఎవరో మాట్లాడుతున్నారు. ఆవిడ ఏమంటోంది?"

మైకు తెరిచే ఉంది. నేను తెర ముందు కూర్చుని, ఆ మాటలన్నీ ఒక్కటీ వదలకుండా ఇంగ్లీషులో చెప్పాను. ఆ మాట మీదే మిగతాదీ చెప్పేశాను. "నాకు యోగా రాదు. నేర్పింది మా అత్తగారు. క్షీర ప్రాణాయామం అంటే పొయ్యి మీద పాలు."

ఎవరూ నవ్వలేదు. మార్టిన్ తల కిందికి దించుకున్నాడు. ఉద్యోగం పోయిందనే అనుకుని, మనసులోనే పెట్టెలు సర్దడం మొదలుపెట్టాను.

అప్పుడు బిర్గిట్ మెల్లగా అంది. "నాకు ఆసనాలు ఎప్పుడూ సరిగ్గా రాలేదు. ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను. అందరూ కలిసి ఊపిరి తీసే చప్పుడు వినడానికి వస్తాను. మీ అత్తగారిని ఒక్కటి అడుగు. ఆవిడ కూర్చుంటే, మేమూ ఊరికే పక్కన కూర్చోవచ్చా? ఏమీ నేర్పక్కర్లేదు. మేం పిలవం."

అడిగాను. అత్తగారు మెడ చాచి తెర మీద బిర్గిట్ ముఖం చూశారు. "ఒక్కతే ఉంటదా? కూసోమను. కని ఎవ్వలు మాట్లాడద్దు. నువ్వు అసలే మాట్లాడకు."

లాప్‌టాప్‌ను ఆవిడ వైపు తిప్పి, దుప్పటి అంచున నేనూ కూర్చున్నాను. మొదటిసారి ఎవరినీ చూసి ఏమీ చెయ్యకుండా. ఆ గది, పక్కన అత్తగారి ఊపిరి, తెరలోంచి అందరి ఊపిరి ఇప్పటికీ గుర్తున్నాయి. అంత నిశ్శబ్దంగా అంతమంది మధ్య నేను మళ్ళీ ఎప్పుడూ లేను.

అరగంట అయ్యాక ఒక్కొక్కరే కళ్ళు తెరిచారు. ఉర్సులా తెరవలేదు. మెడ పక్కకు వాలిపోయి, నోరు తెరుచుకుని, పాత బుల్లెట్ బండిలా గురక. మార్టిన్ భయంతో చేతులు ఊపాడు. "ఎవరైనా లేపండి! ఆవిడకు తొమ్మిదింటికి మీటింగ్ ఉంది!"

అత్తగారు తెరకు దగ్గరగా వంగి చూసి, తృప్తిగా తలాడించారు.

"లేపకుండ్రి. ఇన్నొద్దుల సంది మీరందరు చేసింది కసరత్తు. యోగం పట్టింది గామె ఒక్కదానికే."

నా ఉద్యోగం నిలిచింది. ఉర్సులా గురక గురించి నేను ఎవరికీ చెప్పనన్న షరతు మీద అనుకుంటాను.

అందుచేత, సూర్యచంద్రుల సాక్షిగా ఇదే నా ప్రతిజ్ఞ. కళ్ళు మూసుకుని కూర్చున్న మనిషిని, అత్తగారు కానీ, మొగుడు కానీ, మేనేజరు కానీ, ఇకమీదట ఎంత అవసరమొచ్చినా పేరు పెట్టి పిలవను. మరీ ఇల్లు అంటుకుంటే, భుజం మీద తట్టి, సైగ చేస్తాను.