బకావు నుంచి టురిన్‌కి

మా ఊరు బకావు నుంచి ఇటలీలోని టురిన్‌కి రోడ్డు మీద రెండు వేల కిలోమీటర్లు. హంగరీ, స్లొవేనియా దాటి వెళ్లాలి. నేనూ గావ్రిలా పంతొమ్మిదేళ్లు వంతులేసుకుని ఆ దారిలో బస్సు నడిపాం. విమానాలొచ్చాక సీట్లు ఖాళీ అవుతూ వచ్చాయి. విమానమెక్కినవాళ్లు కనబడితే గావ్రిలా ఊరుకునేవాడు కాదు. "రెక్కలొచ్చాయిగా, ఇంక మేమేం కనిపిస్తాం" అని దెప్పేవాడు. నిజానికి వాడికి విమానమంటే భయం. అది నాకొక్కడికే తెలుసు.

వాడి చెల్లెలు వెతూరియా టురిన్‌లో ముసలివాళ్లను చూసుకునే పనికి వెళ్లింది. అక్కడే కిడ్నీలు పాడయ్యాయి. ఆరేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలిసిస్. ఊరి ముఖం చూడటమే మానేసింది. గావ్రిలా తన కిడ్నీ ఇస్తానన్నాడు. పరీక్షల్లో సరిపోయింది. ఆపరేషన్ తేదీ ఖాయం చేశాక అక్కడి డాక్టరమ్మ ఫోన్లో ఒక్క మాట అంది. "ముప్పై అయిదు గంటలు బస్సులో కూర్చుని రావద్దు. విమానంలో రండి."

ఫోన్ పెట్టేసి వాడు నావంక చూశాడు. "కోయించుకోడానికి భయం లేదురా. ఇదేం మెలిక?"

"రెండున్నర గంటలేరా. ఆలోపు మన బస్సు కొండలైనా దాటదు" అన్నాను.

విమానంలో వాడి పక్కన పరాస్కివా పిన్ని కూర్చుంది. టురిన్‌లో పనిచేస్తూ పదేళ్లు మా బస్సులోనే వచ్చిపోయిన మనిషి. విమానానికి మారాక వాడి కళ్లబడకుండా తిరిగేది.

"ఏం నాయనా, బస్సు చెడిపోయిందా?" అంది.

వాడు సీటు బెల్టు బిగించుకున్నాడు. విమానం లేవగానే కుర్చీ చేతులు పట్టుకుని బిగుసుకుపోయాడు.

"చెయ్యి ఇటివ్వు. ఘాట్‌రోడ్డులో నేను వణికితే 'నిద్రపో పిన్నీ, రోడ్డు నేను చూస్తాలే' అనేవాడివి కాదూ?"

అప్పుడు వాడు చెల్లెలి సంగతి చెప్పాడు. పిన్ని సంచిలోంచి క్యాబేజీ రొట్టె తీసి, సగం తుంచి వాడికిచ్చింది. "తిను. ఇప్పుడు ఇద్దరి కోసం తినాలి నువ్వు."

వాడు తింటూ కిటికీలోంచి చూశాడు. తను ఆరేడు గంటలు నడిపే మైదానం అరగంటలో వెనక్కి పోయింది.

టురిన్ గడియారం మా ఊరికంటే గంట వెనక. పదింటికి బయల్దేరినవాడు పదకొండున్నరకి దిగాడు. "గంటన్నరలో వచ్చేశావేంట్రా అన్నయ్యా" అని వెతూరియా నవ్వబోయి ఏడ్చేసింది.

ఆపరేషన్ బాగా జరిగింది. రోజూ మధ్యాహ్నం పిన్ని సూపు పట్టుకుని ఆసుపత్రికి వచ్చేదట. నాలుగు నెలలకు గావ్రిలా మళ్లీ స్టీరింగ్ పట్టాడు.

జులైలో వెతూరియా ఊరికి బయల్దేరింది. విమానం టికెట్ కొంటానన్నాడు వాడు.

"ఆరేళ్లు గోడ చూస్తూ పడుకున్నాను. తొందరేముంది? నీ బస్సులోనే వస్తా" అంది.

మధ్యమధ్య దిగి నడవమని డాక్టరమ్మ చెప్పి పంపింది. హంగరీలో పొద్దుతిరుగుడు చేల పక్కన బస్సు ఆపాం. వెతూరియా చెప్పులు చేతబట్టుకుని గట్టు వెంట చాలా దూరం వెళ్లింది.

"ఇంకెంతసేపు డ్రైవరన్నా?" అని వెనక సీట్లోంచి ఎవరో విసుక్కున్నారు.

"తిరగనివ్వండి" అన్నాడు గావ్రిలా. ఫ్లాస్కు మూత తీసి అందరికీ కాఫీ పోయమని నాకిచ్చాడు.