అక్క చేతిలో మౌసు

హిందూపురం డీటీపీ సెంటర్లో నాకు పని నేర్పిన అక్కకు కీబోర్డు షార్ట్‌కట్లన్నీ వచ్చు. ఓనరు లేనప్పుడు కంట్రోల్ మీద వేలు పెట్టి పెండ్లిపత్రిక పది నిమిషాల్లో ముగించేది. ఆయన చెప్పుల చప్పుడు వినబడగానే మౌసు పట్టుకుని, ఒక్కొక్క మెనూ తెరుస్తూ కూర్చునేది.

"ఎందుకక్కా?" అన్నాను.

"తొందరగా అయిపోతే ఇంకో పత్రికల కట్ట తెచ్చి ఈడ పెడతాడు పాపా. చేతులు పడిపోతాండాయి. ఆయప్ప ముందర నువ్వూ షార్ట్‌కట్లు వాడొద్దు."

ఒకరోజు ఓనరు చూస్తుండగా, మెప్పు కోసం, మౌసు ముట్టకుండా పత్రిక మొత్తం కొట్టేశాను. ఆయన గడియారం చూసుకున్నాడు. ఆ శనివారమే అక్కను మానిపించి, ఇద్దరి పనీ నాకిచ్చాడు.

పోయే ముందు అక్క తన మౌసు అడుగునున్న గోళీ తీసి, దుమ్ము తుడిచి, మళ్లీ పెట్టి, మౌసును నా ముందుకు జరిపింది.

"ఇంక నీకే పనికొస్తాది పాపా" అంది.