రెండు పొరలు

పోయిన వారం మా అమ్మను బాన్సువాడలోనే ఒక కంటి దవాఖానకు తీసుకువెళ్ళాను. కంట్లో చుక్కలు వేసి బెంచీ మీద కూర్చోబెట్టారు. గదంతా స్పిరిటు వాసన, తడిసిన దూది వాసన. కాంపౌండరు మా పక్కనున్న ముసలాయనతో, "పొర ఇంకా ముదరలే తాతా, ముదిరినంక రా" అన్నాడు. అందులో తప్పేమీ లేదు. రోజుకు పదిమందికి చెప్పే మాటే. నేను మాత్రం లేచి బయటికొచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాను. "ఏమైందే?" అని అమ్మ లోపలినుంచి అరిస్తే వాసన పడలేదన్నాను. వాసన కాదు, నాకు పడనిది ఆ మాట. ఆ మాటతోనే నేను గంగారాం సారు కళ్ళు తీశాను.

సారు మా ఊరి రైస్ మిల్లులో సూపర్‌వైజరు. తొంభైల చివర్లో, ఇంటర్ పాసై ఇంట్లో కూర్చున్న నన్ను ఆఫీసు పనికి పిలిచింది ఆయనే. మా అమ్మ నాట్లకు పోయే మనిషి. "నాట్లేసేటోళ్ళ పిల్లకు ఆఫీసు పనేం తెలుస్తది?" అన్నాడు మిల్లు యజమాని నా ముందే. "తెల్వకుంటె నేను నేర్పిస్త, రానియ్యిరి" అన్నాడు సారు. నేర్పించాడు కూడా. వర్ని వైపునుంచి వడ్ల ట్రాక్టర్లు వచ్చి గేటు దగ్గర ఆగేవి. సారు బస్తాలోంచి గుప్పెడు తీసి అరచేతిలో పరిచి, ఒక్కసారి ఊది, ఎండకు పట్టి చూసేవాడు. తాలు ఎంత, రంగు మారిన గింజ ఎంత, అన్నీ ఆ చూపులోనే తేలిపోయేవి. ఆయన మాటకు రైతూ ఎదురు చెప్పేవాడు కాదు, యజమానీ చెప్పేవాడు కాదు. ఒకరోజు నన్నూ చూడమన్నాడు. నేను గొప్పగా ఏదో చెప్పేశాను. "చూసి చెప్పినవా, అందాజ చెప్పినవా?" అన్నాడు. గింజలు మళ్ళీ బస్తాలో పోసేశాను. "తెల్వకుంటె తెల్వదను బిడ్డా. అండ్ల సిగ్గేముంది? నీ అందాజ మాటతోని ఒకని ఏడాది కష్టం మట్టి పాలైతది." కోపంగా కూడా అనలేదు. అన్నాక చాయ్ తెప్పించి ఇచ్చాడు.

సారుకు షుగరుండేది. నేను చేరిన పదేళ్ళకు, ఆయన ఒకరోజు పుచ్చు గింజలున్న బస్తాలను మంచివని లోపలికి పంపేశాడు. హమాలీలు ముఖాలు చూసుకుని నవ్వుకున్నారు. సారు నన్ను పక్కకు పిలిచి ఆఫీసు తలుపు చట్రం చూపించాడు. "బిడ్డా, గీ చౌకట్ వంకరైందా?" చౌకట్ నిటారుగానే ఉంది. లేదని చెప్పాను. "నాకు నడుమ వంగినట్టు కొడ్తున్నది" అన్నాడు మెల్లగా. అంతకుముందు ఆయన గొంతులో నేను భయం వినలేదు.

ఆయనకు పిల్లల్లేరు. భార్య లక్ష్మవ్వ మోకాళ్ళ నొప్పులతో గడప దాటదు. అందుకే హైదరాబాదు దవాఖానకు నేను తోడు వెళ్ళాను. రెండు కళ్ళ లోపలా వాపు వచ్చిందనీ, నెలనెలా కళ్ళలోకే సూది వెయ్యాలనీ చెప్పారు. కంట్లో సూది అనేసరికి నేను కుర్చీ వెనక్కి జరిపాను. సారు మాత్రం చెప్పులు విడిచి, చేతికున్న గడియారం నాకిచ్చి, నర్సు వెంట చక్కగా నడిచి లోపలికి పోయాడు. మిల్లుకు వచ్చాక అందరూ చుట్టూ మూగారు. "వామ్మో, కంట్లెనా!" అని హమాలీ సాయిలు చెంపలు వేసుకున్నాడు. సారు నవ్వి, "చీమ కుట్టినంత లేదురా. మొఖం మీద గుడ్డ కప్పుతరు, రెప్పలు మూతవడకుంట క్లిప్పు వెడ్తరు. పైకి చూడుమంటరు. కంటి మీద ఎవలో వేలు వెట్టి ఒత్తినట్టయితది, అయిపాయె. ఒక్క దినం నల్ల గుండ్లు తేలినట్టు కనవడ్డయి, పోయినయి" అని చెప్పాడు. రెండు వారాలకు తలుపు చౌకట్ నిటారైంది. ఆ పొద్దు సారు అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాడు.

నెల తిరిగాక రెండో సూది కూడా వేయించుకున్నాడు. కంటికి పట్టీతో లోపల పడుకుని ఉంటే, చిన్న డాక్టరమ్మ నన్ను పిలిచి చెప్పింది. ఆమె అన్నది ఇదీ: "వెనక పొర వాపు తగ్గుతోంది, ఇంకా పోలేదు. దానికి ఇంజక్షన్లు ఆపొద్దు. ముందు పొర కూడా మొదలైంది, దానికి తొందరలేదు, ముదిరాక చూద్దాం." ఇంత స్పష్టంగా ఇప్పుడు రాస్తున్నాను కానీ ఆరోజు నా చెవికెక్కింది మూడే మాటలు: పొర, తొందరలేదు, ముదిరాక. నా కళ్ళు గడియారం మీదున్నాయి, బాన్సువాడ బస్సు తప్పిపోతుందని. మా వైపు పొర ఒక్కటే. పాలమీద మీగడలా కంటి మీద కడుతుంది, ముదిరాక తీసేస్తారు. పుట్టుకతోనే కంటి వెనక ఒక పొర ఉంటుందని, దానితోనే మనం చూస్తామని నాకేం తెలుసు? మళ్ళీ అడుగుదామని నోటిదాకా వచ్చింది. "చదువుకున్నావు కదా, అర్థమైందా?" అందామె. నా వెనక ఇరవైమంది నిలబడి ఉన్నారు. అర్థమైందని తలూపాను. పాడు తల! చీటీలో ఇంగ్లిషులో ఏదో గీసి ఉంటే మడిచి ఫైల్లో పెట్టాను. బయట సారు అడిగాడు, "ఏమన్నరు బిడ్డా?" "పొరకు తొందరలేదట సార్. ముదిరినంక రమ్మన్నరు" అన్నాను. ఆయన నన్ను అందాజ చెప్పావా అని అడగలేదు. నమ్మాడు.

ఎనిమిది నెలలు అట్లా గడిచాయి. నెలనెలా ఆయన చూపు తగ్గుతూ వచ్చింది. తగ్గినకొద్దీ మేమంతా సంతోషించాం. దేవుడా, సంతోషించాం! "మనుషులు పోల్తలేరు బిడ్డా" అని ఆయనంటే, "ముదురుతున్నట్టుంది సార్, మంచిదే" అన్నాను నేను, నా ఈ నోటితో. "పండనియ్యిరి సారూ, పండినంక తీస్తె గట్టిగుంటది" అన్నాడు సాయిలు. ఆయన గేటు దగ్గరికి పోవడం మానేశాడు. గింజలు నేను చూసి చెబుతుంటే, ఆయన పంటితో కొరికి తేమ మాత్రం చెప్పేవాడు.

ఒక పొద్దున లక్ష్మవ్వ కబురు పంపింది. పోయి చూస్తే సారు మంచం మీద కూర్చుని చేతులతో గాలిలో వెతుకుతున్నాడు. "మసి వారవోసినట్టయింది బిడ్డా" అన్నాడు. ఆ రోజే హైదరాబాదు తీసుకుపోయాను. పెద్ద డాక్టరు పాత కాగితాలు తిరగేసి, చీటీలోని గీతల మీద వేలు పెట్టి, "మూడో ఇంజక్షన్‌కు రమ్మని ఇక్కడ రాసే ఉంది. ఎందుకు రాలేదు?" అన్నాడు. ముందు పొర వేరు, వెనక పొర వేరు అని కాగితం మీద గుండ్రంగా బొమ్మ గీశాడు. ఆ రెంటినీ ఒకటి చేసింది నేనేనని అప్పుడు తెలిసింది. బొమ్మ కనబడకపోయినా సారుకూ మాటలు అర్థమయ్యాయి. పక్కకు చెయ్యి చాచి నా మణికట్టు పట్టుకున్నాడు. "నేనే రానన్న సార్. సూదంటె భయమైంది" అన్నాడు. డాక్టరు విసుగ్గా తలాడించి, ఇక చూపు రాదని చెప్పాడు.

తిరుగు బస్సులో పిట్లం దాటాక, "గట్లెందుకు చెప్పినవు సార్? తప్పు నాది" అని ఏడ్చాను. "తెల్సు" అన్నాడు. ముందు సీటు కడ్డీ తడిమి పట్టుకుని, "నా కండ్లు ఎట్లనూ పాయె. ఇగ ఊర్ల నిన్ను గూడ బతకనియ్యరు. నాట్లేసేటోళ్ళ పిల్లను దెచ్చి వెట్టుకుంటె గిట్లనే అయితదంటరు. ఎవ్వలకు చెప్పకు. నా మీద ఒట్టు" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన తిట్టలేదు.

రెండేళ్ళు ఇంటి అరుగు మీద కూర్చుని సారు పోయాడు. ఆ రెండేళ్ళూ ఊరు ఆయన్ని సూదికి జడిసినోడనే అన్నది. చిన్నపిల్లలు కూడా వేళాకోళం చేస్తే నవ్వి ఊరుకునేవాడు. ఇప్పుడు మిల్లులో ఆయన పని నేను చూస్తున్నాను. ఏ మాటైనా రెండుసార్లు అడుగుతానని అందరూ విసుక్కుంటారు. విసుక్కోనీ. ఇన్నాళ్ళూ నిజం ఎవరికీ చెప్పలేదు; ఒట్టు వేయించుకున్నాడు కదా అని నాకు నేనే చెప్పుకుంటాను గానీ, అది సగం నిజం. మిగతా సగం నా పిరికితనం. దసరా నాడు లక్ష్మవ్వ దగ్గరికి పోతే అన్నం పెట్టింది. "పులిలెక్క ఉండెటోడు. సూదికి భయపడి కండ్లు వోగొట్టుకుండె" అని కళ్ళొత్తుకుని, నా పళ్ళెంలో ఇంకో గరిటె పప్పు వేసింది. "నువ్వు మాత్రం ఎంత తిరిగినవు బిడ్డా ఆయన కోసం. కన్నబిడ్డ గూడ గంత చెయ్యదు" అంది. నేను తలవంచుకుని అన్నం తిన్నాను.