ఎనిమిది రెక్కల పచ్చీసు

పుంగనూరులో ఖదీజాను ఎరిగినవాళ్లెవరూ ఆమె కుదురుగా కూర్చోగా చూడలేదు. చెనక్కాయల మిల్లులో గింజలు ఏరుతున్నా మోకాలు ఆడుతూనే ఉండేది. భర్త మహబూబ్ బాషా దర్జీ. నీ అరికాలి కింద సూది ఉన్నట్టుంది అని నవ్వేవాడు. అతని కొట్టులో మిగిలిన గుడ్డముక్కలతో ఆమె బొంతలు కుట్టేది. కుట్టేటప్పుడు మాత్రం లేచేది కాదు.

మిల్లులో మధ్యాహ్నం సద్ది తిన్నాక ఆడవాళ్లు పచ్చీసు ఆడేవాళ్లు. గవ్వలు వేయాలి, పడినన్ని గళ్లు కాయను నడపాలి. ఎదుటివాళ్ల కాయ ఉన్న గడిలోకి మన కాయ పోతే దాన్ని కొట్టి తీసేయవచ్చు. అది మళ్లీ మొదటినుంచి బయలుదేరాలి. కొట్టినవాళ్లకు ఇంకో పందెం, అంటే మళ్లీ గవ్వలు వేయవచ్చు. అయితే పచ్చీసు గుడ్డకు నాలుగే రెక్కలు, రెక్కకు ఒక్కరే. స్నేహితురాళ్లు ఎనిమిది మంది. నలుగురు ఆడుతుంటే నలుగురు చూడాలి. చూడడమంటే ఖదీజాకు ప్రాణసంకటం.

ఎనభై ఒకటిలో మిల్లు మూతపడింది. శాంతకుమారి కుప్పం వెళ్లిపోయింది. సుశీలమ్మ చౌడేపల్లెలో పాడి ఆవులు పెట్టుకుంది. అమరావతికి దగ్గు పట్టుకుంది. దగ్గులో రక్తం కనిపించాక మదనపల్లె దగ్గర క్షయ ఆస్పత్రిలో చేరింది. నయమైందని డాక్టర్లు పంపేశాక మదనపల్లెలోనే అన్న ఇంట్లో ఉండిపోయింది.

ఖదీజా ఆమెను చూడడానికి వెళ్లింది. మాటలు బాగానే సాగాయి. నీళ్లు తాగాక అమరావతి తన లోటాను తనే కడిగి, వంటింట్లో కాకుండా కిటికీ గట్టు మీద బోర్లించింది. ఎవరూ చెప్పలేదు. చేతికి అలవాటైపోయింది. తిరుగు బస్సులో సీటు దొరికినా ఖదీజా నిలబడే వచ్చింది.

మర్నాడు పొద్దున్నే గుడ్డముక్కలు ముందేసుకుంది. ఎనిమిది మందీ ఒకే గుడ్డ చుట్టూ కూర్చుని ఒకే ఆట ఆడాలి. ఎవరూ పక్కన ఉండిపోకూడదు. అమరావతి అందరిలో ఒకతె కావాలి. కానీ ఎనిమిది రెక్కల పచ్చీసు ఎట్లా ఉంటుందో చెప్పేవాళ్లు లేరు. కుట్టుకుంటూ పోతే రెక్కలు ఒకదానిమీద ఒకటి ఎక్కాయి. విప్పింది. మళ్లీ కుట్టింది. కాయలన్నీ చివరికి చేరే నడిమి ఇంటిని బాగా పెద్దది చేస్తే గానీ అన్నీ ఒదగలేదు. మహబూబ్ బాషా చూసి, ఇది ఆటకా, పెళ్లి పందిరికా అని అడిగాడు.

కబుర్లు అందించడం ఇంకో పని. కుప్పానికి బస్సు కండక్టరుతో చెప్పి పంపింది. మదనపల్లెకు, చౌడేపల్లెకు తనే వెళ్లింది. ఊళ్లో ఇల్లిల్లూ తిరిగింది. అమరావతి కూడా వస్తోందని చెప్పినప్పుడల్లా ఎదుటి మొహం చూసింది. ఎవరూ రామనలేదు. కొందరు ఒక్క క్షణం ఆగి సరేనన్నారు. ఆ క్షణం ఆమెకు నిద్ర లేకుండా చేసింది. అందుకని ప్రతి ఇంట్లోనూ లేచేముందు ఒక మాట అడిగింది. అమరావతి కాయను కొట్టొద్దండి, నలిగిపోయి వస్తోంది, ఈ ఒక్క రోజు గెలవనిద్దాం. కుప్పం నుంచి వచ్చిన శాంతకుమారికి బస్టాండులోనే చెప్పింది. చౌడేపల్లెలో పేడ చేతులతో నిలబడిన సుశీలమ్మ, అట్లయితే అది ఆటెట్లా అవుతుందని గొణిగింది. చివరికి ఒప్పుకుంది.

అనుకున్న రోజున అందరూ ఖదీజా ఇంటికి వచ్చారు. అమరావతి ఆఖరున వచ్చింది, కాయలుగా ఎర్ర గాజుముక్కలు తెచ్చుకుంది. ఆమెకు ఒక పక్క ఖదీజా, రెండో పక్క సుశీలమ్మ.

ఎనిమిది చేతులు దాటి వంతు తిరిగి రావడానికి ఇంతసేపు పడుతుందని ఖదీజా ఊహించలేదు. మోకాలు ఆడుతోంది. వాళ్లలో వాళ్లు కొట్టుకున్నారు, తిట్టుకున్నారు. ఎర్ర గాజుముక్కలు మాత్రం అడ్డం లేకుండా నడిచిపోయాయి. మొదట అమరావతి నవ్వింది. తర్వాత నవ్వడం మానేసింది.

ఖదీజా వంతు వచ్చింది. పడిన పందేనికి ఆమె కాయ సరిగ్గా నడిమి ఇంటి ముందరి గాజుముక్క మీదికి పోతుంది. ఆమె వేరే కాయను జరిపింది.

“మే ఖదీజా,” అంది అమరావతి. గొంతు పెంచలేదు. “అది కొట్టే పందెం.”

“సూసుకోలా.”

“నువ్వా సూసుకోనిది? ఇంతసేపూ సూస్తానే ఉండా. ఒకరి కాయ ఒకరు పెరికేస్తాండారు. నా కాయను ఎవురూ ముట్టలా. ముట్టేకి భయమైతే యాల పిలిసినారు?”

ఖదీజాకు అప్పుడు తెలిసింది. కొట్టాలంటే కాయను వేళ్లతో ఎత్తాలి. ఎవరి వేళ్లూ ఆమె కాయ మీద పడకుండా తనే ఇల్లిల్లూ తిరిగి కట్టడి చేసి వచ్చింది.

అమరావతి తన గాజుముక్కలు ఏరుకోవడానికి వంగింది.

“తప్పు వాళ్లది కాదు,” అంది ఖదీజా. “కొట్టొద్దండని నేనే సెప్పినా. నువ్వు గెలవాలని.”

“నిన్నెవురు సెప్పమనింది?”

సుశీలమ్మ అందుకుంది.

“నా బాధ ఇను మే. ఎన్నితూర్లు వచ్చినాదో నీ కాయ నా సేతికి. పాలకొచ్చిన దూడను గుంజకు కట్టేసినట్టు కట్టేసినాది ఇది, నా సేతుల్ని.”

ఎవరో నవ్వాపుకుంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అమరావతి చేయి గుడ్డ మీద ఆగింది. ఆమె ఒక్కొక్కరి మొహమూ చూసింది, తొందర లేకుండా. చివరికి ఖదీజాను చూసింది.

“తిప్పి ఆడు,” అంది.

జరిపిన కాయను వెనక్కి తీయడం పచ్చీసులో లేదు. ఖదీజా తీసింది. గళ్లు లెక్కపెట్టుకుంటూ రెండో కాయను నడిపి, ఇంటి ముందరి గాజుముక్కను ఎత్తి అమరావతి అరచేతిలో పెట్టింది. పెట్టిన చేయి వెంటనే తీయలేదు.

“దీనికి నువ్వు అనుభవిస్తావు సూడు,” అంది అమరావతి.

ఆ తర్వాత ఎవరూ దయ చూపలేదు. సుశీలమ్మ వెతికి వెతికి కొట్టింది. ఎండ వాలేసరికి అమరావతి అందరికంటే వెనకబడి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి తిడుతోంది. బస్సుకు వేళైందని సుశీలమ్మ లేవబోతే కొంగు పట్టి లాగింది.

“యాడికి? నా కాయల్నన్నీ కొట్టి పోతావా? కూర్సో. బస్సు రేపు గూడా వస్తాది.”

ఆవులు అరుస్తాంటాయని సణుగుతూ సుశీలమ్మ కూర్చుంది. వంతు అమరావతిది.