మగ్గం గుంటలో టమాటాలు

ఆ ఏడాది టమాటా కిలో నూట యాభై దాటింది. మాది నకిరేకల్ దగ్గర ఊరు, పట్టుచీరలు నేసే ఇల్లు. అంగడి ముగిసే వేళకు వెళ్లి, బాగా పండినవి రెండు కిలోలు సగం ధరకే బేరమాడి తెచ్చాను. ఇంట్లో ఫ్రిజ్ చెడిపోయి ఉంది. నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంట ఎప్పుడూ చల్లగా ఉంటుంది కదా అని, అందులో గోనెసంచి పరిచి వాటిని పేర్చాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. మా ఆయనకు చెప్పడం మాత్రం మరిచిపోయాను.

మర్నాడు పొద్దున ఆయన మగ్గం మీద కూర్చుని కాళ్లు గుంటలోకి దింపాడు. కాళ్లకు మెత్తగా ఏదో తగలగానే "పాము, పాము" అని అరుస్తూ పైకి దూకాడు. రెండు పాదాల నుంచీ ఎర్రగా కారుతోంది. మా అత్తమ్మ అది చూసి, "అయ్యో, నెత్తురు" అంటూ పసుపు డబ్బా తెచ్చి గుప్పెడు అద్దేసింది. నా ప్రాణమంతా మగ్గం మీది సగం నేసిన చీర మీదే ఉంది. ఒక్క మరక పడినా మా కష్టమంతా పోయినట్టే. పడలేదని చూసుకున్నాకే నోరు పెగిలింది.

"పాము కాదు. టమాటలు. నేనే పెట్టిన."

ఆయన తన పాదాల వంక చూసుకుని, "అమ్మా, పసుపేసినవ్ గద. ఇంత ఉప్పు, కారం గూడ ఎయ్యి, కూరైతది" అన్నాడు. ముగ్గురం అక్కడే కూలబడి నవ్వాం.

అప్పటి నుంచి ఏ సరుకు ఎక్కడ దాచినా ముందు ఇంట్లో చెబుతున్నాను. అయినా టమాటా ధర పెరిగిందంటే చాలు, ఆయన గుంటలోకి టార్చి వేసి చూశాకే మగ్గం ఎక్కుతాడు.