కాశీ పేరు చెప్పి చూసిన ఊరు

కమలాకుమారి టీచరంటే నందిగామలో రెండు తరాల ఆడపిల్లలకు ఐరోపా పటమే గుర్తుకొస్తుంది. ఆడపిల్లల హైస్కూల్లో ఇరవై తొమ్మిదేళ్ళు సోషల్ చెప్పింది. పుస్తకం చూడకుండా బోర్డు మీద పటం గీసి, చుక్కంత దేశాల్ని కూడా వదలకుండా పేర్లు రాసేది. పారిస్, లండన్ల మీద ఆవిడకు మోజు లేదు. కోటగోడలు ఇంకా నిలిచి ఉన్న పాత పట్నం, మన జిల్లాలో ఉన్నంత జనం కూడా లేని చిన్న దేశం, ఒక్కసారి కళ్ళారా చూడాలని ఉండేది.

భర్త కుటుంబరావు పోయి ఆరేళ్ళయింది. పిల్లల్లేరు. ఆవిడ రిటైరైన మరుసటి ఏడు జగ్గయ్యపేట నుంచి ఫ్లోరెన్స్ ఫోన్ చేసింది. ఒకప్పుడు అదే స్కూల్లో ఇంగ్లీషు చెప్పిన స్నేహితురాలు.

"ఎస్టోనియా వెళ్దామా కమలా? టాలిన్ అని ఊరుందట. నువ్వు చెప్పే గోడలూ బురుజులూ అన్నీ అక్కడున్నాయట."

ఇద్దరూ హైదరాబాదు వెళ్ళి వేలిముద్రలిచ్చి వచ్చారు. వీసాలు వచ్చాయి. ఇక మిగిలింది దుర్గాంబకు చెప్పడం.

దుర్గాంబ తోటికోడలు, డెబ్బై రెండేళ్ళ మనిషి, పక్క వీధిలోనే ఇల్లు. కాపురానికొచ్చిన కొత్తలో కమలాకుమారికి వంట నేర్పిందీ, కుటుంబరావు పోయినప్పుడు పదకొండు రోజులూ పక్కన పడుకుందీ ఆవిడే. కానీ పెనుగంచిప్రోలు తిరునాళ్ళకు వెళ్తానన్నా ఎవరితో, ఎందుకని నాలుగు ప్రశ్నలేసే మనిషి. మొగుడు లేని ఆడది సరదాకి దేశాలు తిరగడమంటే ఏమంటుందో కమలాకుమారి ఊహించుకోగలదు.

"కాశీ వెళ్తున్నా అక్కా. తొమ్మిది రాత్రులు నిద్ర చేసి వస్తా" అనేసింది.

దుర్గాంబ కళ్ళు చెమర్చాయి. తుంటి ఎముక విరిగినప్పటి నుంచి వాకర్ లేనిదే గడప దాటలేదు ఆవిడ. మెల్లగా లోపలికి వెళ్ళి ఒక చిన్న రాగి చెంబు తెచ్చింది.

"ఈ జన్మకి నేనెటూ వెళ్ళలేను. నా పేరు చెప్పి ఒక మునక వెయ్యి. ఇందులో గంగ పట్టుకురా."

అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది. కమలాకుమారి చెంబు అందుకుని సంచీలో పెట్టుకుంది.

టాలిన్ ఆవిడ అనుకున్నదానికంటే బాగుంది. ఎర్ర పెంకుల టోపీలు పెట్టుకున్న బురుజులు, నున్నగా అరిగిపోయిన రాళ్ళ వీధులు, ఆరువందల ఏళ్ళుగా నడుస్తున్న మందుల షాపు. గోడ మీద చెయ్యి ఆనించి నిలబడితే తన క్లాసులో కూర్చున్న పిల్లలందరూ గుర్తొచ్చారు. నాలుగు రోజులు ఆవిడ మరే సంగతీ తలుచుకోలేదు.

అయిదో రోజు చౌకులో బెంచీ మీద కూర్చుని ఉండగా ఫోన్ మోగింది. అక్కడ నాలుగు గంటలు, నందిగామలో ఆరున్నర. దుర్గాంబ వీడియో కాల్. కమలాకుమారి దాన్ని కట్ చేసి మామూలు కాల్ చేసింది.

"వీడియోకి సిగ్నల్ చాలట్లేదక్కా."

ఇంతలో పక్కనున్న చర్చి గంటలు మోగడం మొదలయింది. ఒకదాని వెంట ఒకటి, ఊరంతా వినిపించేలా.

"గంటలు వినపడుతున్నాయే. హారతా?" అంది దుర్గాంబ.

కమలాకుమారి పక్కనే ఉన్న ఫ్లోరెన్స్ వైపు చూడలేదు. "అవునక్కా. హారతి."

"ఫోన్ అట్లాగే పట్టుకోవే. దణ్ణం పెట్టుకుంటా."

గంటలు ఆగేదాకా ఫోన్ పట్టుకునే ఉంది. అవతల దుర్గాంబ సన్నగా విశ్వనాథుడి పేరు పలుకుతూ ఉంది.

ఫోన్ పెట్టేశాక ఫ్లోరెన్స్ అడిగింది: "నాతో వస్తున్నట్టు కూడా చెప్పలేదా?"

"లేదు."

ఆ సాయంత్రమంతా ఫ్లోరెన్స్ నాలుగడుగులు ముందే నడిచింది.

తిరిగొచ్చేటప్పుడు కమలాకుమారి బెజవాడలో పూజాసామాన్ల కొట్లో గంగనీళ్ళ సీసా, కాశీదారాల కట్ట కొన్నది. నీళ్ళు చెంబులోకి ఒంపి తీసుకెళ్ళింది. దుర్గాంబ రెండు చుక్కలు కళ్ళకు అద్దుకుని, వాకర్ పక్కకు పెట్టి, గోడ పట్టుకుని వంగబోయింది.

"ఏంటక్కా ఇది, పెద్దదానివి" అంటూ కమలాకుమారి వెనక్కి జరిగింది.

"కాశీ తిరిగొచ్చిన కాళ్ళే. నీకు కాదు, వాటికి."

ఆవిడ వేళ్ళు పాదాలకు తగిలాయి. కమలాకుమారి ఇంటికొచ్చి, బాత్రూంలో పీట మీద కూర్చుని, చాలాసేపు పాదాల మీద నీళ్ళు పోసుకుంటూనే ఉండిపోయింది.

ఆదివారం కాశీ సమారాధన తన ఇంట్లోనే పెట్టింది దుర్గాంబ. కీసర నుంచి, జగ్గయ్యపేట నుంచి చుట్టాల్ని పిలిచింది. శనివారం పొద్దున్నే కమలాకుమారి వెళ్ళేసరికి ఆవిడ మంచం మీద కూర్చుని చింతపండు నారలు తీస్తోంది.

"అక్కా, నేను కాశీ వెళ్ళలేదు."

చేతులు ఆగాయి. కమలాకుమారి తలొంచుకుని అన్నీ చెప్పింది. ఎస్టోనియా, ఫ్లోరెన్స్, బెజవాడ సీసా.

"మరి ఆ గంటలు?"

"చర్చివి."

దుర్గాంబ ఒళ్ళోని చింతపండు పళ్ళెం తీసి పక్కన పెట్టింది.

"నన్నడిగితే వద్దనేదాన్ని. నిజమే. రెండు రోజులు తిట్టేదాన్ని కూడా. తిట్టించుకుని వెళ్ళాల్సింది. నేను చేతులు జోడించి కూర్చుంటే వింటూ ఊరుకున్నావు చూడు, అదీ."

"తప్పయిందక్కా."

"రేపొచ్చే వాళ్ళకేం చెప్పను? నీకు జ్వరమని చెప్పనా?"

"వద్దు. నేనే చెప్తా."

పదకొండు ఇళ్ళకు తనే ఫోన్ చేసింది. ప్రతి ఇంటికీ అదే మాట, కాశీ కాదు, అబద్ధం చెప్పాను, రేపు రావద్దు. కీసరలో ఒకాయన పగలబడి నవ్వాడు. జగ్గయ్యపేటలో మరదలు వరసావిడ "ఈ వయసులో ఇదేం పనండీ" అని పెట్టేసింది. ఆఖరున ఫ్లోరెన్స్‌కి చేసి, "నిన్ను దాచిపెట్టినందుకు సిగ్గుగా ఉంది" అంది. "ఉండనీ. కొన్నాళ్ళుండాలి" అంది ఫ్లోరెన్స్. అయినా మర్నాడు బస్సెక్కి వచ్చి, మధ్యాహ్నం దాకా ఉండి వెళ్ళింది.

ఇది జరిగి ఏడాది దాటింది. దుర్గాంబ మాట్లాడుతుంది, కూరా పచ్చడీ పంపిస్తుంది. ఒక్కటి మాత్రం మారింది. జగ్గయ్యపేట వెళ్తున్నానన్నా, బ్యాంకుకు వెళ్తున్నానన్నా ఎవరితో, ఎందుకని అడగడం మానేసింది. "సరే" అంటుంది, అంతే. ఆ ప్రశ్నలకు ఒకప్పుడు విసుక్కున్న కమలాకుమారి ఇప్పుడు వాటి కోసం దుర్గాంబ వీధి గుమ్మంలో కాసేపు ఆగి, ఆ తర్వాతే బస్టాండుకు నడుస్తుంది.